మట్టిగోడా, మహా చిమ్మనగ్రోవీ

అనగనగనగా, ఏరు వంపు తిరిగే చోట ఒక ఊరు. ఊరికో కోట, కోటకో రాజు. శేషూ, ఆ కాలు చెల్లి మీంచి తియ్యి. మాలూ, నువ్వు ఇటు జరుగు. ఊ కొట్టకపోతే కథ ఆపేసి పడుకుంటాను, నాకేం పోయింది.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక కోడలుండేది. ఆవిడ అత్తగారు అచ్చియ్యమ్మ. అచ్చియ్యమ్మకి ముసలితనంలో కళ్ళకి పొర కమ్మి చూపు పోయింది. అయినా ఇల్లంతా తిరిగేసేది. ఎలా తిరిగేదనుకున్నారు? గోడ పట్టుకుని. వాళ్ళది మట్టిగోడల ఇల్లు. పెళ్ళైన కొత్తలో మొగుడు మట్టి తొక్కి ముద్దలందిస్తుంటే ఆవిడ తన చేత్తో పెట్టుకున్న గోడలవి. ఇక్కడ కాస్త ఉబ్బు తగిలిందా, పక్కనే మంచినీళ్ళ కుండ ఉన్నట్టు. ఇక్కడ చిన్న గుంట తగిలిందా, అడుగు దూరంలో పొయ్యి ఉన్నట్టు. ఎవరి సాయమూ అడిగేది కాదు. పైడమ్మ వారం వారం పేడా ఎర్రమట్టీ కలిపి అలికేది. ఉబ్బులు ఉబ్బుల్లాగే, గుంటలు గుంటల్లాగే ఉంచి మరీ అలికేది. అదీ కోడలంటే. ఊ కొడుతున్నారా?

ఇంతలో రాజుగారికి మనవరాలు పుట్టింది. బారసాలకి ఛప్పన్న దేశాల రాజులూ వస్తున్నారు, ఊరు అద్దంలా మెరవాలన్నాడు రాజు. ఆ మాట విన్నాడు బావమరిది. ఆయన పేరు ప్రచండుడు. చేసే పనేమీ లేదు, ఒళ్ళు మాత్రం బోలెడు. ఉగాది వెళ్ళాక వసంతాలాడతారే, రంగునీళ్ళు చిమ్ముకునే వెదురు గొట్టం, చిమ్మనగ్రోవి, దాన్ని తాటిమానంత చేయించాడు. బండి మీద పెట్టించాడు. ఇటు పదిమంది నొక్కితే అటు బుస్సుమని నీళ్ళు. ముందు కోటగోడ మీద పెట్టాడు. నల్లరాతి గోడ, తాతలనాటి నాచు. ఆ దెబ్బకి నాచంతా కొట్టుకుపోయి రాయి నిగనిగలాడింది. రాజు మురిసిపోయాడు. అంతే, దండోరా వేయించేశాడు. ఊళ్ళో ప్రతి ఇల్లూ దీంతోనే కడగాలి, కాదన్నవాణ్ణి ఊరు దాటిస్తామని.

మీ నాన్నగారు మొన్న కారు కడిగే గొట్టం తెచ్చి వరండా గోడ మీద పెట్టలేదూ? రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోలేదూ? అల్లుడుగారు కదా, నేనేమీ అనలేదు. మనసులో అనుకున్నాను.

సరే. మొదటి ఇల్లు పూజారిగారిది, సున్నపు గోడలు. చిమ్మనగ్రోవి బుస్సుమంది, సున్నం పెనం మీది అట్టులాగ లేచొచ్చేసింది. రెండో ఇల్లు షావుకారుది, పెంకుటిల్లు. కింద నిలబడి పైకి చిమ్మారు, పెంకులు ఎగిరిపోయి నీళ్ళు తిన్నగా ఆవకాయ జాడీల్లోకి. మూడో ఇంట్లో టేకు తలుపులు. నీళ్ళు తాగి తాగి అవి ఉబ్బి బిగుసుకుపోతే, ఇంట్లోవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. కిటికీలోంచి అన్నం అందించాల్సి వచ్చింది. నవ్వకు శేషూ, ఆ ఇంటి పెద్దాయనకి ఎలా ఉండుంటుందో ఆలోచించు.

మరి ఊళ్ళోవాళ్ళకి తెలీదా అంటే, ఎందుకు తెలీదు? ఆ ఊరి ఆడవాళ్ళందరూ ఇల్లు శుభ్రం చేసుకుంటూ పాడుకునే మాటే ఉంది.

రాయైతే రుద్దు,
సున్నమైతే అద్దు,
చెక్కకి తడి వద్దు,
మట్టికి మట్టే ముద్దు.

తెలుసు గానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

మర్నాడు పైడమ్మ వాళ్ళ వీధి వంతు. పైడమ్మ మొగుడు గవరయ్య ఉత్త పిరికివాడు. అమ్మనీ మంచాన్నీ చేలో పాకకి మోసుకుపోదామన్నాడు. పాకలో కుండెక్కడుందో, గడపెక్కడుందో అమ్మకెలా తెలుస్తుంది, అడుగు తీసి అడుగెయ్యలేక ఒక మూల కూలబడిపోతుంది అంది పైడమ్మ. మొగుడు ఏడుపు మొహం పెట్టాడు. పైడమ్మకీ ఏడుపొచ్చింది, కానీ చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి గోడకి అడ్డంగా నిలబడింది.

బండి వచ్చింది. వెనకాలే తమాషా చూద్దామని గుర్రమెక్కి రాజుగారూ వచ్చాడు. తప్పుకోమని ప్రచండుడు కేకలేశాడు. పైడమ్మ అతన్ని చూడనే లేదు. రాజుకి దణ్ణం పెట్టి, అందరికీ వినబడేలా ఇలా అంది:

"మహారాజా, ఇదంతా మీ మనవరాలి కోసమే కదా. ముందు పాపాయికి ఈ గొట్టంతో నీళ్ళు పోయించండి. ఆ తర్వాత మా ఇల్లు కడగండి."

రాజు మీసం అదిరింది. పసిగుడ్డు, ఒళ్ళు కందిపోదూ అన్నాడు. మరి గజశాలలో ఏనుగుని ఇటుకముక్కతో రుద్దుతారు కదండీ, దానికేం కందలేదే అంది పైడమ్మ. ఏనుగు ఏనుగే, పాపాయి పాపాయే అన్నాడు రాజు. అని, ఆగిపోయాడు. తన నోటితో తనే అనేశాడు కదా మరి.

కానీ రాజు కదమ్మా, వేయించిన దండోరా ఎలా వెనక్కి తీసుకుంటాడు? గుర్రం దిగి, గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది పెరట్లోంచి అచ్చియ్యమ్మ, గోడ తడుముకుంటూ, ముందు జరిగిన మాటలేవీ ఆవిడ వినలేదు. చేతికి మనిషి తగిలాడు. ఇల్లు కడగడానికొచ్చిన పనివాడనుకుంది. రాజు చెయ్యి పట్టుకుని గోడకి ఆనించింది.

"అరచెయ్యి మెత్తగా ఉంది, పనికి కొత్తవాడివా నాయనా? గోరుతో గీసి చూడు. పొడి రాలిందా? పొడి రాలే గోడకి నీళ్ళు చూపించకూడదు. ఇవి కరిగిపోతే నేను రెండోసారి గుడ్డిదాన్నవుతాను."

ఈయన రాజుగారని చెప్పబోయాడు ప్రచండుడు. రాజు వేలు చూపించి నోరు మూయించాడు. ముసలమ్మ చెప్పినట్టే గోరుతో గీశాడు, పొడి రాలింది. తర్వాత నెమ్మదిగా, మరి దీన్నెలా శుభ్రం చెయ్యాలమ్మా అని అడిగాడు.

నేర్పిస్తాను రమ్మంది అచ్చియ్యమ్మ. పైడమ్మ పేడా ఎర్రమట్టీ కలిపిన తట్ట తెచ్చింది. రాజు పట్టు ఉత్తరీయం నడుముకి బిగించి తట్టలో చెయ్యి పెట్టాడు. ఛీ అనకే మాలూ, రాజే ఛీ అనలేదు, నువ్వెంత. గట్టిగా నొక్కకు, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమురు అని ముసలమ్మ చెబుతుంటే, బారెడు గోడ అలికాడు. వంకర టింకరగా అలికాడనుకో.

సాయంత్రానికి ఇంకో దండోరా. ఎవరింటిని వాళ్ళు తెలిసినట్టు శుభ్రం చేసుకోండని. ఇంక చూడాలి ఆ ఊరి సందడి. రాతిమెట్లని కొబ్బరిపీచూ బూడిదా పెట్టి తోమేవాళ్ళు తోముతున్నారు. పూజారిగారి గోడలకి ప్రచండుడి చేతే మెత్తటి చీపురుతో దుమ్ము దులిపించి, కొత్త సున్నం వేయించారు. ఎగిరిన పెంకులు సర్దాక, వాన పడ్డట్టే పైనుంచి కిందికి ఊడ్చారు. తలుపుల్ని ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, ఆముదం రాశారు. చిమ్మనగ్రోవి గజశాలకి పోయింది. దాని ముందు ఏనుగులు వరస కట్టేవట, నాకు ముందు నాకు ముందు అని.

బారసాల నాడు ఊరంతా కళకళలాడిపోయింది. అచ్చియ్యమ్మ పొద్దున్నే గోడ తడుముకుంటూ వచ్చి, ఆ బారెడు జాగాలో ఆగింది. ఎవరే పైడీ ఇది అలికింది అని అడిగింది. నువ్వు నేర్పిన కొత్త పనివాడే అత్తా అంది పైడమ్మ. చెయ్యి బరువు గానీ మనసు మంచిదే, పండగపూట వాడికెవరైనా అన్నం పెట్టారో లేదో, పిలిచి ఇంత పాయసం పెట్టు అంది ముసలమ్మ.

పైడమ్మ కబురు పెట్టింది. రాజు వచ్చాడు. కిరీటం తీసేసి, ఒక్కడే వచ్చాడు. ఛప్పన్న దేశాల రాజులూ కోటలో ఎదురుచూస్తుంటే, అలికిన నేల మీద మఠం వేసుక్కూర్చుని పాయసం రెండోసారి వేయించుకుని తిన్నాడు. ముసలమ్మ రాజు తల నిమిరి, మీ అమ్మ చల్లని కడుపు నాయనా అంది. తల్లి పోయాక ఆయన తల నిమిరినవాళ్ళే లేరట. ఆయనెవరో ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, ఏటా వానలకి ముందు, ఆ బారెడు గోడ అలకడానికి ఒక పనివాడు వచ్చి వెళ్తూనే ఉన్నాడు.

అందుకే అంటాను, ముందు తడిమి చూడాలి, తర్వాతే నీళ్ళెత్తాలి. గోడకైనా అంతే, మనిషికైనా అంతే. ఊ కొట్టడం లేదేం? శేషూ? మాలూ? సరే, కథ కంచి దారి పట్టింది, మీరిద్దరూ నిద్ర దారి పట్టారు. ఇంక నేనూ వస్తున్నాను.