మీటరుకు సలాం

తీగలన్నీ మూగబోయాయి.

దర్గాలో గంధం ఉత్సవానికి మోగాల్సిన ఆంప్లిఫయరు కోసం నిన్న సాయంత్రం ఓబులేసు తన చేత్తో కోసి, కొసలు వొలిచి, డబ్బాలో పెట్టిన తీగలవి. తీగ రెండు కొసలకూ మీటరు ప్రోబులు, అంటే దాని వైర్ల చివరుండే సూదిమొనలు, ఆనిస్తే మీటరు కుయ్యిమనాలి. అలా అంటేనే లోపల కరెంటుకు దారి ఉన్నట్టు. ఈ పొద్దున ఒక్కటీ కిక్కురుమనలేదు.

ఓబులేసుకు ఒళ్లు మండింది. ఎవరో మార్చేశారు. ఎవరో ఏమిటి, పెంచలయ్యే! మొన్న మొన్న చేరినవాడు. పొద్దున్నే పనిగది తాళం తీసేది వాడే. అందరికన్నా ముందొచ్చి ఒక్కడూ అక్కడ ఏం వెలగబెడతాడు? నిన్న తీగలు కోస్తుంటే పక్కన నిలబడి కళ్లార్పకుండా చూశాడు కూడా. ఏందిరా అంటే, "నేర్చుకుంటాండా అన్నా" అన్నాడు మెత్తగా. ఇప్పుడు ఆ మెత్తదనం మీదే ఓబులేసుకు అనుమానం.

పైగా వాడి భక్తి ఒకటి. ఉస్తాద్ రవూఫ్ దగ్గర మైకుల పనికి చేరినవాళ్లు పని మొదలుపెట్టే ముందు ఎవరి మీటరు వాళ్లు తీసుకుని, రెండు ప్రోబుల మొనలూ ఒకదానికొకటి తాకించాలి. కుయ్యిమన్నాకే పని. అక్కడ దాన్ని మీటరుకు సలాం అంటారు. అది కొత్తవాళ్లకు పెట్టిన తంతులెమ్మని ఓబులేసు ఎప్పుడో వదిలేశాడు. పెంచలయ్య మాత్రం రోజూ చేస్తాడు. అదంతా ఉస్తాద్ మెప్పు కోసమేనని ఓబులేసు లెక్క.

నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"పెంచలయ్యను పంపించేయండి ఉస్తాద్. లేదంటే నేనే పోతా."

"ఏం చేసినాడు బేటా?"

"నా తీగలు మార్చినాడు. డబ్బాలో అన్నీ తెగిన తీగలే. ముందు వాని దగ్గర తాళంచెవి తీసుకోండి."

ఉస్తాద్ పెంచలయ్యను పిలిచి చెయ్యి చాపాడు. పెంచలయ్య మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చి, వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు. వాడి మొహం చిన్నబోయింది. ఓబులేసుకు కడుపు చల్లబడింది.

ఉస్తాద్ ఆ ఇత్తడి తాళంచెవిని బల్ల మీద పెట్టాడు.

"నీ మీటరు తెచ్చి దీన్ని చూడు."

"తాళంచెవినా?"

"దాన్నే."

ఓబులేసు ఒక ప్రోబు ఈ కొసకు, ఇంకొకటి ఆ కొసకు ఆనించాడు. చప్పుడు లేదు. గట్టిగా నొక్కాడు. గీకి చూశాడు. అయినా లేదు.

"అరెరే," అన్నాడు ఉస్తాద్. "దీన్ని కూడా లోపల తెంపేసినట్టుండాడే పెంచలయ్య!"

ఓబులేసు చెవులు వేడెక్కాయి. మెల్లగా రెండు ప్రోబుల మొనలూ కలిపాడు. మీటరు పలకలేదు. ఎర్ర ప్రోబు వైరును మెడ దగ్గర వంచితే ఒక్కసారి కుయ్యిమని మళ్లీ ఆగిపోయింది.

తెగింది తీగలు కాదు, తన మీటరు వైరే. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"తాళంచెవి ఎవరికియ్యాల బేటా?" అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు దాన్ని రెండు చేతులతో తీసుకుని గడప దగ్గరికి నడిచాడు. పెంచలయ్య అందుకున్నాడు.

"పొద్దున సలాం మర్చిపోయినావా అన్నా?" అదే మెత్తని గొంతు.

"మర్చిపోలేదు," అన్నాడు ఓబులేసు. "మానేసినా."