పెరకని దుబ్బు

పరదేశయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అందుకే నెమలికొండ ఆశ్రమంలో తెలివిగల శిష్యులు కడుపునిండా భోంచేసి, కాస్త కునుకు తీసి, ఆ తర్వాతే సందేహాలు ఎత్తేవారు. గౌరీశానికి అంత లౌక్యం ఎక్కడిది? వేసవిలో ఒక పొద్దున, ముఖం కడుక్కున్న తడైనా ఆరకముందే వెళ్ళి గురువుగారి ఎదుట చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"గురువుగారూ, మమకారాలన్నీ ఒక్కటొక్కటే పెరికి పారేశాను. ఊరు వదిలాను, ఇల్లు వదిలాను. తల్లిలా పెంచిన అక్క కబురు మీద కబురు పంపినా కదల్లేదు. అయినా నా మనసు నిలవదేం? జారిపోతూనే ఉంది."

"అక్క ఏమని కబురు పంపింది?"

గౌరీశం తెల్లబోయాడు. తను అడిగిందేమిటి, ఈయన అడిగేదేమిటి! "మాది కొండవాలున ఇల్లండీ. పక్కనున్న మట్టంతా వానలకి జారిపోతోందట. వంటింటి పునాదిరాళ్ళు బయటపడ్డాయట. ఈ ఏడు గట్టి వాన పడితే ఇల్లు దక్కదని ఆవిడ భయం."

"పోయి ఆ వాలు నిలబెట్టి రా. నీ మనసు సంగతి తర్వాత చూద్దాం," అన్నారు గురువుగారు.

తమ్ముణ్ణి చూసి నూకరత్నం గుమ్మంలోనే నిలబడిపోయింది. "వచ్చావేట్రా? సన్నాసుల్లో కలిసిపోయి మాకు నీళ్ళొదిలేశావనుకున్నాను," అని ఎత్తిపొడిచింది. అంటూనే కళ్ళు తుడుచుకుని, చోడంబలి గిన్నె చేతిలో పెట్టింది.

వాలు చూడబోతే గుండు కొట్టించినట్టుంది. మచ్చుకైనా గడ్డిపోచ లేదు. వారం వారం పార పట్టుకుని చెక్కేస్తుంది నూకరత్నం. ఇంటిపక్క గడ్డి మొలిస్తే అది పాడుపడ్డ కొంప అని ఆ చుట్టుపక్కల మాట. మగదిక్కు వెళ్ళిపోయిన ఇంటికి ఆ మాట రాకూడదని ఆమె పంతం. గౌరీశానికీ అందులో తప్పేమీ కనబడలేదు సుమండీ! శుభ్రమంటే అతనికీ ప్రాణమే. కొత్తగా తలెత్తిన మొలకలు కూడా తనే గీకేసి, వాలు అడుగున నడుమెత్తు రాతిగోడ పేర్చాడు. "ఏనుగొచ్చి తోసినా కదలదక్కా," అన్నాడు మీసం లేని మూతి దువ్వుకుంటూ.

ఏనుగు రాలేదు, వాన వచ్చింది. వేసవి చివర ఒక మధ్యాహ్నం ఉరిమి ఉరిమి కురిసింది. ఎర్రటి నీళ్ళు మట్టిని లాక్కుంటూ దిగి గోడ వెనక చేరాయి. గోడ పొట్ట ఉబ్బి, రాళ్ళు దొర్లుకుంటూ లోయలోకి పోయాయి. వంటింటి గోడ బీటలు తీసింది. నూకరత్నం గిన్నెలన్నీ ముందుగదిలోకి మోసి, వాటి మధ్య కూలబడింది.

"అమ్మ కాపరానికొచ్చిన ఇల్లురా ఇది. నేనెక్కడికి పోతాను?"

గౌరీశానికి వదిలేశాననుకున్న ఇల్లు కూలుతుంటే ఇంత నొప్పేమిటని సిగ్గు వేసింది.

మర్నాడు గోడ కూలిన కబురు విని గురువుగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. వాలంతా కలియజూసి, స్నానాల దడి వెనక ఆగారు. అక్కడొక వట్టివేళ్ళ దుబ్బు ఉంది. దాని చుట్టూ మూరెడు మేర మట్టి చెక్కుచెదరలేదు.

"దాన్ని పెరుకు," అన్నారు.

గౌరీశం రెండు చేతులా పట్టి లాగాడు. ఆకులు అరచేతులు కోశాయి గానీ దుబ్బు కదలలేదు. గడ్డపారతో ఒక పక్క తవ్వాడు. వేళ్ళు జడ అల్లినట్టు లోపలికి, ఇంకా లోపలికి దిగిపోయి ఉన్నాయి. "నావల్ల కావడం లేదండీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

గురువుగారు నూకరత్నం వైపు తిరిగారు. "అంతా చెక్కేశావు. దీన్నెందుకు వదిలావు తల్లీ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిన్నప్పుడు వీడు నాటిందండి బాబూ, వాగులోంచి తెచ్చి. వీడు ఎల్లిపోయాక కోపమొచ్చి పారట్టుకుని దీని దాకా వచ్చాను. చేతులు రానేదు."

గౌరీశం గడ్డపార కింద పెట్టేశాడు.

తొలకరి పడగానే ఆ దుబ్బులో సగం విడదీశాడు. చాలనివి వాగొడ్డు నుంచి తెచ్చాడు. వాలుకు అడ్డంగా, జానెడు ఎడంలో, వరస మీద వరస నాటాడు. చూరునీళ్ళు పక్కకు పోయేలా పైన కాలువ తీశాడు. పునాది కింద రాళ్ళు కూరాడు. ఆశ్రమానికి తిరిగి వెళ్ళడం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. పచ్చగా లేచిన వరసల్ని చూసినప్పుడల్లా నూకరత్నం చేతులు పార కోసం వెతుక్కునేవి.

"ఊళ్ళో ఏటనుకుంటార్రా?"

"తమ్ముడు వచ్చాడనుకుంటార్లే అక్కా."

మరుసటేడు ఆశ్వయుజంలో తుఫాను పట్టింది. ఎడతెరిపి లేని వాన. కొండ మీంచి దిగిన మట్టి ప్రతి వరస దగ్గరా ఆగి, మెట్టులా పేరుకుంది. వంటింట్లో నూకరత్నం పొయ్యి వెలిగించి, గారెలకు పప్పు నానబోసింది.

వాన వెలిశాక ఆ గారెలు మూటగట్టుకుని గౌరీశం ఆశ్రమానికి వెళ్ళాడు. "వాలు నిలబడిందండీ," అన్నాడు ఎలుగెత్తి.

"మనసో?"

గౌరీశం మూట విప్పి గారెలు ఆయన ముందు పెట్టాడు. "అది... చూసుకోవడం మరిచిపోయానండీ."

గురువుగారు ఒక గారె తుంచి నోట్లో వేసుకుని, గోడవారకు చెయ్యి చూపించారు. "పార అక్కడుంది నాయనా. పెరకవలసిన మమకారాలు ఇంకా ఏవైనా మిగిలుంటే తీసుకెళ్ళు."