కొట్టి చూసిన కుండ

"ఎవరు, ఎప్పుడు అడిగినా మూత తీసి చూపిస్తాం." కంచు పెట్టెను ఊరికి తెచ్చిన రోజు రాజు అన్న మాట ఇది.

అంతకుముందు ఊళ్లో ఏ సంగతి తేలాలన్నా చింతగింజలు కుండలో వేసి, అందరి ముందూ బోర్లించి లెక్కపెట్టేవారు. ఇప్పుడు గింజ పెట్టెలో వేస్తే చాలు. పొద్దుగూకేసరికి ఏది గెలిచిందో పెట్టే చెబుతుంది.

ఆ ఏడు ఊరి ముందు ఒకే ప్రశ్న ఉంది. మట్టిగుంట ఊరిదిగానే ఉండాలంటే నల్లగింజ. రాజుగారి ఇటుకబట్టీకి ఇవ్వాలంటే పొట్టు తీసిన తెల్లగింజ. ఆ మట్టి లేకపోతే కుమ్మరామె సారె తిరగదు. ఆమె వాడలో పదకొండు ఇళ్లూ నల్లగింజే వేశామన్నాయి. పక్క వాడలూ అదే మాట. పెట్టె మాత్రం బట్టీదే గెలుపంది.

పెట్టెకు కాపలా ఉన్న తలారి దగ్గరికి వెళ్లిందామె.

"మూత తీయండయ్యా, చూస్తాం."

"ఓడినవాళ్లకి గింజలన్నీ పుచ్చులే!"

"పోయినసారి గెలిచినప్పుడు అడగలేదు. అది నా తప్పే."

"అసలు అడగడమే ద్రోహం," అన్నాడు తలారి. మూతకు ఇంకో తాళం పడింది.

సంతరోజు, మిగిలిన మట్టితో చేసిన కుండలు పేర్చుకుని కూర్చుందామె. "మట్టి ఎవరిది? మనది!" అని పొద్దుటినుంచి అరిచి గొంతు బొంగురుపోయింది. తలారి వచ్చాడు. ఓ కుండ ఎత్తి, అలవాటుగా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించాడు.

"నా మీద నమ్మకం లేదా అయ్యా?"

"ఇందులో నమ్మకం మాటేముందే? కొట్టి చూడకుండా కుండ ఎవడు కొంటాడు?"

సంతంతా నవ్వాక గానీ తలారికి తన మాట తనకే వినపడలేదు.

"మీ పెట్టె కూడా మంచిదే కావచ్చు," అందామె నెమ్మదిగా. "నా కుండ మంచిది కాబట్టే కొట్టనిచ్చాను."

తలారి కుండ దించేసి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని అమ్మలేదు. మెడ చుట్టూ సున్నంతో ఓ మాట రాసి, తీసుకెళ్లి పెట్టె మీద బోర్లించింది.

ఇప్పుడు అటు పోయేవాళ్లంతా ఆ కుండను కొట్టి చూస్తున్నారు. అదే వేలితో పెట్టెనూ ఓసారి కొట్టి పోతున్నారు. కుండ ఖంగున మోగుతోంది. పెట్టె ఎలా మోగిందో ఎవరూ పైకి అనడం లేదు.

కుండ మీద రాత ఇది: "మూత తీయండి. గడువు, కార్తీక పౌర్ణమి."