సూరప్పడి కీళ్ళు

చిన్న కథే. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా చెప్పేస్తాను. మా ఎదురింటి చిట్టెమ్మ పప్పయితే ఊరి సంగతులన్నీ చెప్పినా ఉడకదనుకోండి. ఆవిడ మంట పెట్టేది తక్కువ, మూత తీసి చూసేది ఎక్కువ. వాళ్ళాయన పళ్ళు అందుకే అంత గట్టివి. సరే, ఆయన పళ్ళతో మనకేం పని? గవరయ్య వాళ్ళింటి సంగతికొద్దాం.

గవరయ్య, తమ్ముడు పైడయ్య, గవరయ్య పెళ్ళాం నూకాలు. "దేవుడు ఈ ఊరికని తెచ్చిన తెలివంతా మా గుమ్మంలోనే దించేసి పోయాడు" అని ముగ్గురూ చెప్పుకునేవారు. మిగతా ఊరిని చూస్తే నాకూ నిజమేననిపించేది.

అన్నదమ్ముల తండ్రి సూరప్పడు జారిపడి మంచం పట్టాడు. నెలలు గడిచినా లేవలేదు. ఇంటికొచ్చి చూసే నర్సు ఎస్తేరమ్మ ఓ రోజు పెదవి విరిచింది.

"కీళ్ళు బిగుసుకుపోయాయయ్యా. పూటపూటా ఆడించకపోతే ఈయన ఇక జన్మలో నడవడు."

కొడుకులిద్దరూ గొల్లుమన్నారు. ఇంకేముంది, ఇంట్లో తలుపులన్నిటి కీళ్ళకీ ఆముదం పోసి తెరవడం, మూయడం, తెరవడం, మూయడం.

"గట్టిగా ఆడించండి! మావ లేవాలా వద్దా?" అని నూకాలు కేకలు.

సాయంత్రానికి వీధి తలుపు ఊడి గవరయ్య చేతికొచ్చింది. మర్నాడు ఎస్తేరమ్మ వచ్చి, చూసి నోరెళ్ళబెట్టింది.

"కీలు పూర్తిగా వదిలిపోయిందమ్మా. నాన్నే ఇంకా లేవలేదు" అన్నాడు గవరయ్య.

"నా తల్లో! తలుపు కీళ్ళు కాదయ్యా, మనిషి కీళ్ళు! ఒక చెయ్యి మోకాలి కింద, ఒక చెయ్యి మడమ కింద పెట్టి మెల్లగా ఎత్తి మడవాలి. నొప్పి అంటే ఆపేయాలి. గుర్తుంటుందా?"

"మాకా?" అని ముగ్గురూ నవ్వారు.

కాలు సగం ఎత్తారో లేదో, "నొప్పిరా" అన్నాడు సూరప్పడు. అంతే. ఆపేశారు.

"దించనా అన్నయ్యా?"

"దించమందా? ఆపమంది. పట్టుకో."

వంతులేసుకుని తెల్లవార్లూ పట్టుకున్నారు. పొద్దున్నే చిట్టెమ్మ చూడ్డానికొచ్చి, ఎత్తు బాగుందని ఆ కాలి మీద తడి తువ్వాలు ఆరేసి పోయింది.

ఇక లాభం లేదని ఎస్తేరమ్మ రోజూ తనే వచ్చి, పక్కన నిలబడి, కొడుకుల చేత మోకాళ్ళూ మడమలూ ఆడించింది. కొన్నాళ్ళకి కీళ్ళన్నీ చక్కగా వదులయ్యాయి. అయినా సూరప్పడు లేవడు.

"నొప్పి లేదంటావు, కాళ్ళాడుతున్నాయంటావు. మరెందుకు లేవవు పెద్దయ్యా?"

"వెనకటి డాక్టరుబాబు, నేను చెప్పేదాకా మంచం దిగకు అన్నాడమ్మా. తర్వాత ఆయనకి బదిలీ అయిపోయింది."

ఎస్తేరమ్మ నెత్తి కొట్టుకుంది.

"చూశావా వదినా, మా తెలివి ఎవరి పోలికో!" అన్నాడు పైడయ్య.

"సరే, నేను చెబుతున్నాను. దిగి నడువు పెద్దయ్యా. ఒరేయ్, మీరు వెనకాలే ఉండండి. అలిసిపోతే మంచమ్మీద కూర్చోబెట్టండి" అని చెప్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

సూరప్పడు దిగాడు. నడిచాడు. వీధి తలుపు ఎలాగూ లేదు కాబట్టి వీధిలోకి నడిచాడు. ఆగమని ఎవరూ చెప్పలేదు.

మొన్న సంతకెళ్ళినవాళ్ళు చూశారట, ఆయన అనకాపల్లి దాటాడట. వెనకాలే కొడుకులిద్దరూ మంచం మోసుకుపోతున్నారట.

నూకాలు ఊళ్ళోనే ఉంది. వెళ్తూ వెళ్తూ మొగుడు "తలుపు చూసుకో" అన్నాడు. చూస్తోంది.