లంక సంఘానికి పెద్దయిన పొట్టేలు

గోదావరి నడుమ ఒక లంకలో వరదలు పడలేక మనుషులు ఇళ్ళు వదిలి అవతలి గట్టుకు వెళ్ళిపోయారు. వాళ్ళు విడిచిపోయిన వాటిలో తాటాకుల ప్రార్థన మందిరం ఒకటి మిగిలింది, చుట్టూ సగం కూలిన దడి మిగిలింది, కొన్ని జంతువులు మిగిలాయి. మనుషుల పాటలు విని విని వాటికి నోటికొచ్చేశాయి. ఆదివారమయ్యేసరికి అవే కూడుకుని సంఘం నడుపుకునేవి.

సువార్తమ్మ అనే ముసలి గేదె ఆ సంఘానికి పెద్ద. మోకాళ్ళు పట్టేసి లేవలేని స్థితికి వచ్చాక, ఆమె ఆశీర్వాదం అనే పొట్టేలును పిలిచి, "ఇకమీదట నువ్వు చూసుకో నాయనా," అంది.

ఆశీర్వాదం ఈ మాట కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాడు. గేదెమ్మ పెద్దరికం అతని కంటికి ఏనాడూ ఆనలేదు. పెద్ద అన్నాక బాతుల వెంట బురదలో తిరగడమేమిటి, గాడిదకు వీపు దురద పెడితే కొమ్ముతో గోకడమేమిటి అని లోలోపల గొణుక్కునేవాడు. తను పెద్దయితే సంఘం గీత గీసినట్టు నడుస్తుందనుకున్నాడు.

నడవలేదు. "తాగే తొట్టిలో నీళ్ళు కలచొద్దు," అన్నాడు. బాతులు ఆ మాట విన్నది తొట్టిలో మునుగుతూనే. "ప్రార్థన అయ్యేదాకా పాట ఎత్తుకోవద్దు," అన్నాడు. ఏసోబు గాడిద కళ్ళు మూసుకుని ఆమేన్‌కు ముందే అందుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పోనీ మాట వినకపోతే వినకపోయారు, నెమరు వేసుకోనిచ్చినా బాగుండేది. అలా కూర్చోగానే లూదియమ్మ కోడి వచ్చేది.

"పెద్దగారూ, నేను పొదుగుదామని చూసుకున్న గంపలో బాతు కూర్చుని లేవనంటోందండి."

"కాసేపాగు."

"ఇప్పటికి మూడుసార్లు ఆగానండి."

ఆమె పోయేలోపు ఏసోబు వచ్చి వీపు తిప్పి నిలబడేవాడు. "ఇక్కడండి. కాదు, ఇంకాస్త కిందికి. నాకు అందదు."

విసిగిపోయిన ఆశీర్వాదం సువార్తమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఏం సంఘమమ్మా ఇది? నా మాట ఒక్కరూ లెక్కచేయరు."

"ఏసోబు వీపు గోకావా?"

"నేను వాక్యం చెప్పాలా, వీపులు గోకాలా?"

"దురద పెడుతున్నవాడికి వాక్యం ఎక్కదు నాయనా."

ఈమెతో చెప్పుకోవడం నాదే బుద్ధితక్కువ అనుకుంటూ అతను వెనక్కి తిరిగాడు. దడి అవతల ఒక నక్క తల వంచుకుని నిలబడి ఉంది.

"వందనాలు పెద్దగారూ. నాకు మనసు మారిందండి. మాంసం ముట్టడం లేదు, రేగిపళ్ళతో కాలక్షేపం చేస్తున్నాను. పేరు కూడా దీనదాసు అని మార్చుకున్నాను. అయినా నా సంగతికేంలెండి, మిమ్మల్ని చూస్తేనే కడుపు తరుక్కుపోతోంది. అడ్డమైనవాళ్ళూ వచ్చి మీద పడుతుంటే మీకు దేవుణ్ణి తలుచుకునే తీరిక ఎక్కడిది?"

ఇన్నాళ్ళకు తన బాధ అర్థమైనవాడొకడు దొరికాడని ఆశీర్వాదం మనసు మెత్తబడింది.

"మీకొక సెక్రటరీ కావాలండి," అన్నాడు నక్క. "ఎవరికేం కావాలన్నా ముందు నాతో చెప్పుకుంటారు. ముఖ్యమైనవి మీదాకా తెస్తాను. ఆ బోర్లించిన పడవ ఉంది చూశారా, మీరు దాని మీద కూర్చోండి. పెద్దలు నేల మీద ఉంటే అందరికీ లోకువ."

ఆడబోయిన తీర్థం ఎదురైనట్టనిపించింది పొట్టేలుకు. ఆ రోజే పడవెక్కాడు. కొబ్బరి మట్టల కుప్ప వెనక నక్క విన్నపాలు వినడం మొదలుపెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు రావాలి, ఒంటరిగా రావాలి. సంఘంలో గుట్లు గుట్లుగానే ఉండాలి కదా అన్నాడు.

పొట్టేలు ప్రాణం హాయిగా ఉంది. గంప గొడవ లేదు, వీపు గొడవ లేదు. ఆదివారం పడవ మీద నిలబడి, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి గొంతు వణికేలా చెప్పాడు. కింద ఒక గొర్రె కాలిలో ముల్లుతో కుంటుతోంది. అంత ఎత్తు నుంచి అది కనబడలేదు.

కనబడింది మాత్రం ఒకటుంది. జనం పలచబడుతున్నారు.

"రెండు బాతులు రావడం లేదేం?" అని అడిగాడు.

"ఏం చెప్పమంటారండి," అని నక్క నిట్టూర్చాడు. "అవతలి గట్టు సంఘంలో కలిశాయి. అక్కడ పాటలు బాగుంటాయట. ఆ గంప కోడి లూదియమ్మ కూడా నిన్న అటే పోయింది."

ఆశీర్వాదం ఒళ్ళు మండిపోయింది. ఇంత కష్టపడి వాక్యం చెబుతుంటే పాటల కోసం పోతారా? విశ్వాసం లేనివాళ్ళ మీద ఎలాంటి ప్రసంగం చేయాలా అని మండుటెండలో పడవ మీదే ఆలోచిస్తూ కూర్చున్నాడు. నక్క భుక్తాయాసంతో నీడన పడి నిద్రపోతున్నాడు. అప్పుడు మార్తమ్మ కోడి పడవ దగ్గరికి వచ్చింది. ఆమె లూదియమ్మ చెల్లెలు.

"సెక్రటరీతో చెప్పుకోమ్మా," అన్నాడు పొట్టేలు, ఆమె వైపు చూడకుండానే.

"ఆయన దగ్గరికి వెళ్ళిన మా అక్కే ఇంకా రాలేదండి."

"మీ అక్క అవతలి గట్టు సంఘానికి పోయింది."

"మా అక్క కోడండి. గోదారి ఎలా ఈదింది?"

పొట్టేలు తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"చివరికి గంప దొరికి పొదుగుకు కూర్చుందండి. మీరు పిలుస్తున్నారని ఆయన కబురు పెడితే, ఇప్పుడే వస్తాను, గుడ్లు చల్లారకుండా చూడు అని నాకు అప్పగించి వెళ్ళింది. గుడ్లు వదిలేసి ఏ కోడీ సంఘం మారదు."

"నేను పిలవలేదు," అన్నాడు పొట్టేలు మెల్లగా.

"మాకేం తెలుసండీ. మిమ్మల్ని కలిసి ఎన్నాళ్ళయింది?"

ఆశీర్వాదం పడవ దిగాడు. కొబ్బరి మట్టల వెనక్కి వెళ్ళి చూశాడు. లూదియమ్మ చుక్కల ఈకలు, ఒక బాతు కాలు కనిపించాయి. మార్తమ్మ ఈకల వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది.

"తప్పు నాది. నువ్వెంత తిట్టినా పడతాను," అన్నాడు.

"తిడితే అక్క వస్తుందా? ఇప్పుడేం చేస్తారో అది చెప్పండి."

మర్నాడు పొద్దున్నే నక్క కుప్ప వెనక్కి వచ్చాడు. మార్తమ్మ గొంతు వినిపించింది.

"అయ్యా, నాదొక విన్నపం ఉందండి."

"ఎక్కడమ్మా, కనబడవేం?"

"ఏడ్చి ఏడ్చి ముఖం బాగాలేదండి. మట్టల కింద ఉన్నాను."

కోడి మందిరం చూరు మీద కూర్చుని మాట్లాడుతోంది. మట్టల కదలిక చూసి నక్క లొట్టలేస్తూ ఒక్క దూకు దూకాడు. మట్టల కింద కోడి మెడ లేదు, రెండు మెలికల కొమ్ములున్నాయి. పళ్ళు రాలిపోయాయి.

"పెద్దగారూ, మీరా? విన్నపాలు వినడం నా పని కదండీ," అన్నాడు నక్క నెత్తురు మింగుతూ.

"ఈ పూట విన్నపం నాదే," అని పొట్టేలు మళ్ళీ పొడిచాడు.

కేకలు విని అందరూ పరుగెత్తుకొచ్చారు. వెనక్కి పారిపోబోయిన నక్కకు ఏసోబు కాళ్ళు తగిలాయి. దడి దాటి ఒండ్రులో పడ్డ నక్క దవడ వేలాడేసుకుని కాళ్ళు ఈడ్చుకుంటూ పోయాడు. ఇక ఆ లంక వైపు రాలేదు.

ఆ ఆదివారం ఆశీర్వాదం నేల మీదే నిలబడి జరిగినదంతా చెప్పాడు, తన తప్పు తగ్గించి చెప్పలేదు. ప్రసంగం చేయలేదు. గొర్రె కాలిలో ముల్లు పంటితో లాగాడు, ఏసోబు వీపు గోకాడు. రెండూ అయ్యేసరికి మెడ పట్టేసింది. మిగిలిన బాతులు మాత్రం తొట్టిలోనే ఉన్నాయి. రమ్మంటే రాలేదు. చివరికి తనే ఒడ్డున నీళ్ళు నిలిచే గుంట ఒకటి కాళ్ళతో తవ్వి చూపిస్తే, గొణుక్కుంటూ అందులోకి మారాయి.

లూదియమ్మ గుడ్ల మీద మార్తమ్మ కూర్చుంది. ఆమె మేతకు వెళ్ళినప్పుడల్లా ఆశీర్వాదం గంపకు ఉన్ని ఆనించి, చల్లారనీయకుండా పడుకునేవాడు. పిల్లలు బయటికొచ్చాక వాటికి ఆడుకోవడానికి అతని వీపు తప్ప లంకలో చోటే దొరకలేదు. చెవులు పొడిచేవి. కళ్ళ మీద రెట్ట వేసేవి.

"ఏం పిల్లలమ్మా ఇవి? నెమరు వేసుకోనివ్వవు, కునుకు తీయనివ్వవు," అని విసుక్కునేవాడు.

"దించెయ్యమంటారా?" అని అడిగేది మార్తమ్మ.

"ఉండనీ. ఇప్పుడే ఒకటి నిద్రపోయింది," అని కదలకుండా పడుకునేవాడు.

మందకు పనికొచ్చేవాడే మందకు పెద్ద.