కంట్లోంచి వెళ్ళిపోయేవాళ్ళు

డాక్టర్ ఫణీంద్రకి సొంత గొప్ప చెప్పుకోవడం నచ్చదు. ఆ పని చెయ్యడానికి ఆపరేషన్ థియేటర్లో గోడగడియారం ఉంది. శుక్లం తియ్యడంలో ఆసుపత్రి మొత్తానికి అతనంత చకచకా ముగించేవాడు లేడు. అది గర్వం కాదు, దయ. ముసలివాళ్ళని బల్లమీద ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు కదా.

ఆ దయ సింహాద్రమ్మ కుడికంటికి అప్పటికే అందింది. ఇప్పుడు ఎడమకంటికి చేయించుకోవడానికి వచ్చింది.

"కుడికంటి చూపు ఎలా ఉందమ్మా?"

"పొద్దున్న లెగిస్తే ఇల్లంతా పొగమంచే బాబూ. మద్దేనానికి ఇడిపోతాది. మా కోడలికి అగుపడదంట. నాకోసమే వత్తాది కాబోలు."

ఫణీంద్ర నవ్వాడు. పక్కనే ఉన్న, అతనికి పని నేర్పిన ఖలీల్ మాస్టారు నవ్వలేదు. ఆమెని చీకటిగదిలోకి తీసుకెళ్ళి, యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర, దాని లోపలి వరస కణాలు తెరమీదికి వచ్చాయి.

ముందు ఎడమకన్ను. తేనెపట్టులా, సందు లేకుండా, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని ఉన్నట్టు.

తర్వాత కుడికన్ను. అక్కడక్కడా నల్లటి ఖాళీలు. చుట్టూ మిగిలినవి వంకరపోయి, ఉబ్బి, ఆ ఖాళీల్లోకి చేతులు చాపినట్టున్నాయి. ఆమె ఊపిరి తీసినప్పుడల్లా గుంపంతా కాస్త కదిలింది.

"ఇవి మళ్ళీ పుట్టవు కదండీ మాస్టారూ," అన్నాడు ఫణీంద్ర. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే.

"పుట్టవు. పొరలోకి ఊరే నీళ్ళు తోడిపోసేది ఇవే. రాత్రంతా రెప్ప మూసి ఉంటే, తోడేవాళ్ళు చాలడం లేదు. పొద్దుటి పొగమంచు అదే." ఆయన దీపం వేశారు. "ఎడమకన్ను కూడా నువ్వే చెయ్యి. పక్కన కూర్చుంటాను."

పెడల్ తొక్కితే సన్నటి గొట్టం కొన అల్ట్రాసౌండుతో శుక్లాన్ని ముక్కలు చేస్తుంది, యంత్రం కూస్తుంది. ఆ అదురు తగిలితే పొర కణాలు చచ్చిపోతాయి, అందుకని అడ్డుగా జెల్లు నింపుతారు. అది మధ్యలో కొట్టుకుపోతే మళ్ళీ నింపాలి. ఫణీంద్ర లెక్కలో అది ఆలస్యం. ముక్క కొనకి అందకముందే పెడల్ తొక్కడం కూడా అతనికి అలవాటు.

సింహాద్రమ్మ ఎడమకంట్లో యంత్రం కూసింది. కొన దగ్గర ముక్క లేదు.

"వెళ్ళండి," అన్నారు మాస్టారు, గుమ్మందాకా వచ్చి సాగనంపే గొంతుతో.

ఫణీంద్ర తలెత్తాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ తొక్కాడు.

"వెళ్ళండి."

ఎవరు బయల్దేరినా "వెళ్ళిరండి" అనే పెద్దమనిషి ఆయన. తిరిగి రమ్మనడం ఎందుకు మానేశారో తెలిసేసరికి ఫణీంద్రకి వీపు చల్లబడింది.

గుడ్డ కిందనుంచి సింహాద్రమ్మ అడిగింది. "ఎవులు బాబూ ఎల్తన్నారు? తలుపు చప్పుడు అవనేదు."

ఫణీంద్ర కాలు పెడల్ మీంచి లేచింది.

"జెల్లు," అన్నాడు నర్సుతో.

మళ్ళీ నింపాడు. ముక్కని పొరకి దూరంగా, లోతుకి దించి, అది కొనకి అతుక్కున్నాకే తొక్కాడు. చిన్న కూత వచ్చి ఆగింది. మాస్టారు ఈసారి "వెళ్ళండి" అనలేదు. ఒక్కసారి మాత్రం ఆయన పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. సింహాద్రమ్మ కుడికన్ను మూసుకుని చూసింది.

"ఈ కంటికి తేటగా ఉన్నావు బాబూ."

ఎడమది మూసుకుంది.

"దీనికి పొగలో నిలబడ్డావు. కొన్నాళ్ళకి పోతాది కదా?"

మాస్టారు అతనికేసి చూసి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఎడమకన్ను ఎలా చెయ్యాలో ఫణీంద్ర నేర్చుకున్నాడు. కుడికన్ను గురించి ఆమెకి ఏం చెప్పాలో ఇంకా నేర్చుకోలేదు.