గాదెలో డాక్టరుగారు

కొత్తగెడ్డలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే సూరప్పడి ఇల్లు చూపిస్తారు. చూపించేది కూడా సూరప్పడే. "ఒకరు సెప్పిన మాటని వంకర తిప్పడం మా వంశంలోనే నేదు" అంటాడు మీసం మీద చెయ్యేసి.

అది నిజమే. ఒకసారి ఆస్పత్రిలో వాళ్ళమ్మ సన్నెమ్మకి పది మాత్రలిచ్చి, "రోజూ ఒకటి వేసుకుని పడుకో" అన్నారు. పది రాత్రులకి మాత్రలైపోయాయి. అంతే, ముసలమ్మ పడుకోవడం మానేసింది. "మాత్ర ఏసుకుని గదా పడుకోమన్నారు, మాత్రేదీ?" అని మూడు రాత్రులు గోడకి జారబడి కూచుంది. నాలుగో రోజు కోడలు పారమ్మ నడిచి వెళ్ళి ఇంకో పది తెచ్చింది. ఏ జబ్బుకని అక్కడ అడిగితే, "జబ్బు తగ్గిపోనాదండి, పడుకోడానికి" అని చెప్పింది.

ఈ ఇంటి ముందు వాటాలోకి హెల్మి టీచరమ్మ అద్దెకి దిగింది. ఆవిడది ఫిన్లాండు. కొండమీది బడిలో ఇంగ్లీషు చెబుతుంది. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకుంది కాబట్టి కుక్కని కూడా "దయచేసి పక్కకు తొలగండి" అంటుంది. మంచుదేశం మనిషి కదా, చలి ఆవిడనేం చేస్తుందిలే అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. చలికాలం రాగానే ఆవిడ మంచం మీంచి కాలు కింద పెట్టడం మానేసింది. "మా దేశంలో చలి వీధిలో నివసిస్తుంది, మనుషులు ఇంట్లో నివసిస్తారు. ఇక్కడ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు" అని వాపోయేది. కొబ్బరినూనె సీసాలోనే రాయైపోయింది. ఉతికిన బట్టలు నాలుగు రోజులైనా ఆరవు. దోసెల పిండి పొంగదు. అన్నిటికంటే పెద్ద కష్టం, పాలల్లో ఎంత మజ్జిగ కలిపినా పెరుగు పేరుకోదు.

పెరుగు ఆవిడ కోసం కాదు, పశువుల డాక్టరు వామనమూర్తి కోసం. ఆయన కోనసీమ మనిషి. "ఈ కొండెక్కాక గడ్డపెరుగు మొహం చూడలేదండీ" అని కలిసినప్పుడల్లా అంటాడు. కలవడం రోజూ ఉంది. ఏడాదిగా ఇద్దరూ సాయంత్రాలు బడి నుంచి ఊరి పక్కన పారే గెడ్డ దాకా కలిసి నడుస్తున్నారు. గెడ్డ ఒడ్డున ఆయన కుడికీ, ఆవిడ ఎడమకీ. మాట మాత్రం ఆ ఒడ్డు దాటి ముందుకు పోలేదు. ఇప్పుడాయనకి కడపకి బదిలీ అయింది. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళిపోతాడు. అందుకని ఈ సాయంత్రం భోజనానికి పిలిచింది. బల్ల మీద దీపం పెట్టి, ఎదురెదురుగా కూచుని, గడ్డపెరుగన్నం తినిపించి, అప్పుడు అడగాలి. ఆ అడగడాన్ని వారం రోజులుగా అద్దానికి అప్పజెబుతోంది.

మధ్యాహ్నం బడికి వెళ్తూ ఆవిడ ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పింది.

"పెరుగు గిన్నెను దుప్పట్లతో చుట్టి గాదెలో ఉంచండి. పేరుకునేదాకా ఎవరూ కదపకూడదు. ఈ తలుపు సందులోంచి చలి వస్తోంది, నేను తిరిగి వచ్చేసరికి ఆ సందు కనబడకూడదు. కుంపటి ఆరకూడదు. ఎండుకర్ర మాత్రమే వేయండి, తడికర్ర వేస్తే పొగ వస్తుంది. డాక్టరుగారు నాకంటే ముందుగా వస్తే ఆయన వణకకూడదు, వెళ్ళిపోకూడదు. అర్థమయిందా?"

"మాకు సెప్పాలా టీచరమ్మా" అన్నాడు సూరప్పడు.

అదే కదా. ఊళ్ళో ఎవరికైనా చెప్పొచ్చు, వీళ్ళకే చెప్పకూడదు.

పారమ్మ పాలు కాచి, మజ్జిగ చుక్క కలిపింది. దుప్పట్లతో చుట్టమన్నారు గానీ ఎన్నో చెప్పలేదు. అందుకని ఉన్నవన్నీ తెచ్చింది. ముగ్గురివీ, టీచరమ్మవీ, ఆఖరికి ఆవు మీద కప్పే గోనె కూడా. గుమ్మడికాయంత గిన్నె గేదెదూడంత మూటయింది. గాదెలో దించారు. పిల్లి వచ్చి కదపకుండా సన్నెమ్మ కర్ర పట్టుకుని పక్కనే కాపలా కూచుంది.

సూరప్పడు తలుపు సందులో గుడ్డలు కుక్కాడు.

"ఇప్పుడు సందు కనపడతందా?"

"నేదు గానీ గుడ్డ కనపడతంది మావా. సందుంటేనే గదా అందులో గుడ్డ ఉండేది" అంది పారమ్మ.

సూరప్పడు గడ్డం గోక్కున్నాడు. "తలుపుకీ గుమ్మానికీ మద్దెన ఉన్నదే గదే సందు. తలుపే నేకపోతే?"

"ఇంక మద్దెన ఏటుంటాది మావా."

ఇంకేముంది, తలుపు ఊడదీశాడు. కొండగాలి చుట్టంలా వచ్చి, గదులన్నీ తిరిగి చూసి, వంటింట్లోంచి వెళ్ళింది. మొగుడూ పెళ్ళాం వీధిలో నిలబడి చూశారు. సందు ఎక్కడా లేదు.

ఆ గాలికి కుంపటి కొడిగట్టింది. కట్టెలమోపు చూస్తే మంచుకి నాని పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఎండుకర్ర కోసం పెరడంతా గాలించారు. చివరికి పారమ్మకి తట్టింది. పాతికేళ్ళుగా ఎండకి ఎండిన కర్ర వీధిలో గోడకి చేరేసి ఉండనే ఉంది. సూరప్పడు గొడ్డలి తెచ్చాడు. తలుపు భగ్గుమంది.

"సూడవే, చుక్క పొగ నేదు" అని మురిశాడు.

గుమ్మం తెరుచుకునుందేమో, చలికి కర్ర చాలడం లేదు. నాలుగున్నరకి తలుపైపోయింది. ఐదుకి టీచరమ్మ బల్ల అయిపోయింది. కుర్చీల మీద చెయ్యేసేసరికి సన్నెమ్మ అడ్డుపడింది.

"ఒరే సూరిగా, కుర్చీలు కాలిస్తే ఆళ్ళెక్కడ కూకుంటార్రా?"

"బల్లే నేదు గదే అమ్మా. దేనికి ఎదురుగా కూకుంటారు?"

కొడుకు తెలివికి ముసలమ్మ దిష్టి తీసింది. కుర్చీలు రెండూ కుంపట్లోకి పోయాయి.

ఐదున్నరకి డాక్టరు వచ్చాడు. అవతలి ఒడ్డున ఎవరి గేదెకో పురుడు పోసి వస్తూ గెడ్డలో కాలుజారి మునిగాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మనిషి గాలికి ఆకులా వణుకుతున్నాడు.

"తమరు వణక్కూడదన్నారు బాబూ" అన్నాడు సూరప్పడు.

"నేనేం సరదాకి వణుకుతున్నానా సూరప్పడూ. ముందొక దుప్పటి ఇలా ఇవ్వు."

దుప్పట్లన్నీ పెరుగుకే కప్పి ఉన్నాయి. పెరుగు కదపకూడదు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి ఆలోచించారు.

"దుప్పటి మీ కాడికి రాదు బాబూ. మీరే దుప్పటి కాడికి రావాల" అన్నాడు సూరప్పడు.

అంతే. కాళ్ళొకరు, చేతులొకరు పట్టుకుని ఎత్తి, గాదెలో దించారు. గిన్నెకి అటో కాలు ఇటో కాలు పెట్టించి, దుప్పట్లన్నీ ఆయన మెడ దాకా లాగి, నెత్తిన ఆవుగోనె కప్పారు.

"కదలకండి బాబూ" అంది సన్నెమ్మ.

"ఎంతసేపు?"

"పేరుకునేదాకా."

"ఎవరు, పెరుగా నేనా?"

"ఎవరు ముందయితే ఆళ్ళే."

పైన మూత పెట్టేశారు.

ఆరింటికి హెల్మి టీచరమ్మ చేతినిండా బంతిపూలతో వచ్చింది. గుమ్మానికి తలుపు లేదు. గదిలో బల్ల లేదు. కుర్చీలు లేవు. కుంపటి మాత్రం పొగ లేకుండా మండుతోంది.

"డాక్టరుగారు రాలేదా?"

"వొచ్చారండి."

"వెళ్ళిపోయారా?"

"ఎలా ఎల్లనిత్తామండి."

"మరి ఎక్కడున్నారు?"

"పెరుగు కాడండి."

"పెరుగు ఎక్కడుంది?"

"డాక్టరుబాబు కాడండి" అంది పారమ్మ.

ఆవిడ పూలు కింద పడేసి కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలుసు. ఈ ఇల్లు చూసి ఆయన వెళ్ళిపోయారు."

"లేదండీ, ఇక్కడే ఉన్నాను" అంది గాదె.

ఆవిడ బోర్లించిన రోలెక్కి మూత తీసి చూసింది. గోనె ముసుగులో వామనమూర్తి మొహం కనబడింది. రేపటికి ఈ మొహం కడపలో ఉంటుంది. అద్దానికి అప్పజెప్పిన మాటలన్నీ దీపంతో, బల్లతో మొదలవుతాయి. ఆ రెండూ లేవు. ఇంక మధ్యలోంచి అందుకుంది.

"మీరు కడపలో ఒంటరిగా ఉండుట నాకు సమ్మతం కాదు. నన్ను వివాహమాడెదరా?"

డాక్టరు తల కదిలించబోయాడు.

"బాబూ, తొణికిపోద్ది" అని సన్నెమ్మ కర్ర చూపించింది.

ఆయన బిగుసుకుపోయాడు. టీచరమ్మ చూస్తోంది. ఆయన తల ఇటూ ఊగలేదు, అటూ ఊగలేదు. ఆవిడ మెల్లిగా రోలు దిగబోయింది.

"ఆగండి హెల్మిగారూ" అన్నాడు డాక్టరు, పెదవులు మాత్రం కదిపి. "ఏడాది నుంచి ఇదే మాట గెడ్డ దాకా తెచ్చి, నోరు రాక వెనక్కి పట్టుకుపోతున్నాను. తల ఊపితే పెరుగు చెడుతుందంటున్నారు. ఊపేశాననే అనుకోండి. రెండుసార్లు."

ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. అది చూసి పారమ్మ కూడా, ఎందుకో తెలియకుండానే, ఏడ్చి పెట్టింది.

ఆ చలికాలం మొత్తానికి కొత్తగెడ్డలో పేరుకున్న గడ్డపెరుగు ఆ గిన్నెడే. బోర్లించినా జారలేదు. కుంపటి చుట్టూ నేలమీద కూచుని అందరూ తిన్నారు.

వెళ్తూ వెళ్తూ డాక్టరన్నాడు, "బడికి సెలవులిచ్చారుగా, రేపు ఇద్దరం వెళ్దాం. దారిలో మా అమ్మని చూద్దురుగాని. సూరప్పడూ, పొద్దున్న బస్సు మమ్మల్ని వదిలేసి పోకూడదు సుమా."

"నేను నిద్ర లేచేసరికి ఈ గుమ్మానికి తలుపు ఉండవలెను" అంది టీచరమ్మ.

"మాకు సెప్పాలా" అన్నాడు సూరప్పడు.

ఆ రాత్రి ఆవిడ సన్నెమ్మ పక్కన పడుకుంది. పొద్దున్నే లేచి చూస్తే గుమ్మానికి తలుపుంది. ఎర్ర రంగు, పైన అద్దం, పక్కన ఇనప పిడి. పారమ్మ దానిమీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది: "ఫుట్‌బోర్డు మీద నిలబడుట ప్రమాదము."

పెట్టె పట్టుకుని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. బస్సు పోలేదు. ఎలా పోతుంది? రాత్రి ఊళ్ళో ఆగిన బస్సు తెల్లారేసరికి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. లోపల జనం చలికి ఒకళ్ళ మీదొకళ్ళు ముడుచుకున్నారు. తలుపు లేని బండి కొండ దించనని డ్రైవరు కూచున్నాడు. కండక్టరు ఊరంతా వెదుకుతూ వచ్చి, సూరప్పడి గుమ్మంలో ఆగి, తన తలుపుని తనే నమ్మలేనట్టు తడిమి చూసుకున్నాడు.

సూరప్పడు గబుక్కున ఆయన చెయ్యి పట్టి లోపలికి లాగాడు.

"అక్కడ నిలబడకు బాబూ, పెమాదమని రాసుంది. లోనకి జరుగు. కుర్చీలు నేవు గానీ, అంతా కాళీయే."